వెనక 265 అడిగితే 275 వేస్తామంటున్నారా? వద్దనండి

ప్రశ్న: బెంగళూరులో 2018 మోడల్ పోర్షె 718 కేమన్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఎస్ కాదు, మామూలు మోడలే. ఉండేది అనంతపురంలో. నెలకు రెండు మూడుసార్లు బెంగళూరు, అప్పుడప్పుడు కర్నూలు, తాడిపత్రి వైపు వెళ్తుంటాను. చక్రాలు 19 అంగుళాలవి. వెనక టైర్లు రెండూ లోపలి అంచున బాగా అరిగాయి, బయటివైపు మాత్రం గాడులు ఇంకా కనిపిస్తున్నాయి. ముందు ఎడమ టైరుకు పక్కన చిన్న ఉబ్బు వచ్చింది. ఇక్కడి షాపులో 265/40 లేదు, 275/35 ఉంది, ఏమీ కాదు వేసుకోండంటున్నారు. ఇంకొకరు ఆల్ సీజన్ టైర్లయితే ఎక్కువ రోజులు వస్తాయంటున్నారు. ఎండాకాలం గాలి నాలుగైదు పాయింట్లు తగ్గించాలని కూడా చెప్పారు. ఏ టైర్లు కొనాలి? రెండు మారిస్తే సరిపోతుందా, నాలుగూ మార్చాలా?
– ఒక పాఠకుడు, అనంతపురం

సమాధానం: ముందు ఆ ఉబ్బు సంగతి. టైరు కొనడం గురించి తర్వాత మాట్లాడుకుందాం, ఈలోపు ఆ కారును హైవే ఎక్కించకండి. గుంతలోనో స్పీడ్ బ్రేకర్ అంచు మీదనో పడ్డప్పుడు టైరు పక్క గోడ రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి, లోపలి దారాలు తెగిపోతాయి. తెగిన చోట గాలిని ఆపుతున్నది పైనున్న పలుచని రబ్బరు ఒక్కటే, అందుకే అక్కడ ఉబ్బుతుంది. దానికి ప్యాచ్ లేదు, రిపేరు లేదు. ఎప్పుడు పగులుతుందో చెప్పలేం, కానీ వేడి, వేగం రెండూ కలిసినప్పుడు ఆ ప్రమాదం ఎక్కువ. అంటే ఎన్‌హెచ్ 44 మీద మధ్యాహ్నం పూట అన్నమాట. మీ కారుకు స్టెప్నీ కూడా లేదు. కంపెనీ ఇచ్చే సీలెంట్ సీసా చిన్న మేకు బెజ్జాన్ని తాత్కాలికంగా పూడ్చగలదు గానీ, పగిలిన పక్క గోడకు ఎందుకూ పనికిరాదు. వెనక టైర్ల లోపలి అంచున దారాలో తీగలో బయటపడ్డాయేమో కూడా కారు ఎత్తించి టార్చి వేసి చూడండి. బయట నిలబడి చూస్తే ఆ అంచు కనపడదు, చాలామంది అక్కడే మోసపోతారు.

ఇప్పుడు సైజు. మీ కారుకు ముందు 235/40 జెడ్‌ఆర్ 19, వెనక 265/40 జెడ్‌ఆర్ 19. డ్రైవరు తలుపు దగ్గరున్న స్టిక్కరులో, కారు పుస్తకంలో ఉన్నవాటితో ఒకసారి సరిపోల్చుకోండి. పాత యజమాని చక్రాలు మార్చి ఉండొచ్చు కదా. 265 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 40 అంటే ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో, 19 అంటే రిమ్ము అంగుళాల్లో. ఆ లెక్కన 265/40లో పక్క గోడ 106 మి.మీ., టైరు మొత్తం ఎత్తు దాదాపు 695 మి.మీ. షాపువాళ్లు ఇస్తామంటున్న 275/35లో గోడ 96 మి.మీ., మొత్తం ఎత్తు 675 మి.మీ. వెడల్పు పెరిగింది కాబట్టి మంచిదేనని వాళ్లు చెప్తారు. కానీ ఎత్తులో 20 మి.మీ. పోయింది.

ఆ 20 మి.మీ. ఏం చేస్తుందంటే, కారు వెనక భాగం 10 మి.మీ. కిందికి దిగుతుంది. లెక్క ప్రకారం ప్రతి కిలోమీటరుకు 458 సార్లు తిరగాల్సిన వెనక చక్రం 471 సార్లు తిరుగుతుంది. అసలు సమస్య అక్కడే. మీ కారులో వెనక టైరు ముందు టైరు కంటే మూడున్నర శాతం పెద్దది. ఏబీఎస్, కారు జారకుండా పట్టి ఉంచే స్టెబిలిటీ కంట్రోల్ రెండూ నాలుగు చక్రాల వేగాలను ఎప్పటికప్పుడు పోల్చుకుంటూ పనిచేస్తాయి, ఆ తేడాను ముందే లెక్కలో పెట్టుకుని ఉంటాయి. 275/35 వేస్తే ముందు వెనక దాదాపు సమానమైపోతాయి. అప్పుడు వెనక చక్రాలు కొంచెం జారుతున్నట్టు కంప్యూటరుకు ఎప్పుడూ అనిపిస్తుంటుంది. దానివల్ల అవసరం లేనప్పుడు పవరు కోయవచ్చు, అవసరమైనప్పుడు అంచనా తప్పవచ్చు. పైగా 275/35లో మామూలు రకం మోసే బరువు సూచిక 96, అంటే ఒక్కో టైరుకు 710 కిలోలు. మీ వెనక టైరుకు ఉండాల్సింది 98, అంటే 750 కిలోలు. ఇంజిను, గేరుబాక్సు బరువంతా వెనక యాక్సిల్‌కు దగ్గరగా ఉండే కారు ఇది. బరువు సూచికలో వెనక్కి తగ్గడం అస్సలు తగదు.

ముందు టైర్లకు సూచిక 92 ఉండాలి. ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) అని రాసి ముందుకు 96, వెనకకు 102 ఉన్నవి దొరికితే నిరభ్యంతరంగా వేసుకోవచ్చు, ఎక్కువ ఉంటే నష్టం లేదు. వేగం అక్షరం వై, అంటే గంటకు 300 కి.మీ. నాలుగు వరుసల రోడ్డు మీద పరిమితే 100 అయినప్పుడు ఇదెందుకని అడుగుతారు, డబ్బులు మిగులుతాయని అంతకంటే తక్కువ వేగానికి సరిపోయే ‘వి’ అక్షరం టైరు చూపిస్తారు. ఆ అక్షరం వేగం కోసమే కాదు. ఎక్కువ వేగంలో పుట్టే వేడిని ఎంతసేపు తట్టుకోగలదో పరీక్షించాకే టైరుకు ఆ అక్షరం ఇస్తారు. ఏప్రిల్, మే నెలల్లో గాలే 40 డిగ్రీలు దాటే మన జిల్లాల్లో తారురోడ్డు మధ్యాహ్నానికి 60 దాటుతుంది. వేడి తట్టుకునే శక్తిని చవగ్గా తగ్గించుకోవాల్సిన ఊరు కాదు మనది.

ఆల్ సీజన్ విషయంలోనూ కారణం వేడే. ఆ రకం టైర్లు చలికాలంలో మంచుపడే దేశాల కోసం పుట్టాయి. రబ్బరు గట్టిపడకుండా మెత్తగా ఉంచి, ట్రెడ్ (రోడ్డును తాకే భాగం) దిమ్మెల మీద సన్నని కోతలు ఎక్కువ పెడతారు. మన ఎండలో, ఇంత బలమున్న కారు కింద ఆ దిమ్మెలు మలుపులో పక్కకు ఒరుగుతాయి, బ్రేకు తొక్కితే ఆగే దూరం పెరుగుతుంది. సమ్మర్ టైర్లకున్న పెద్ద లోపం దాదాపు 7 డిగ్రీల కింద పట్టు తగ్గడం. అనంతపురంలో డిసెంబరు తెల్లవారుజామున కూడా ఆ బాధ లేదు. కాబట్టి మీకు కావాల్సింది సమ్మర్ అల్ట్రా హై పెర్ఫార్మెన్స్ రకమే, ఇందులో రెండో మాట లేదు.

అలాగని మరీ అవతలి చివరకూ పోకండి. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ కప్ 2 వంటి ట్రాక్ టైర్లు రోడ్డు మీద వాడొచ్చు గానీ, వాటిలో నీళ్లు పోయే గాడులు తక్కువ. మన దగ్గర వాన తక్కువే. కానీ ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లో ఒక్కసారిగా కొడుతుంది. నెలల తరబడి పేరుకున్న దుమ్ము, నూనె మీద మొదటి జల్లు పడితే రోడ్డు సబ్బులా తయారవుతుంది. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడి మట్టిని ట్రాక్టర్లు చక్రాలతో రోడ్డెక్కిస్తాయి. అది తడిస్తే మరీ ప్రమాదం. 265 వెడల్పున్న టైరు నీళ్లను పక్కకు నెట్టలేకపోతే నీళ్ల మీద తేలిపోతుంది. అందుకే లోతైన నిలువు గాడులున్న రోడ్డు టైరే మీకు సరైనది.

టైరు మీద ట్రెడ్‌వేర్, ట్రాక్షన్, టెంపరేచర్ అని మూడు గుర్తులు ఉంటాయి. టెంపరేచర్ కచ్చితంగా ‘ఏ’ ఉండాలి, ట్రాక్షన్ ‘ఏఏ’ ఉండాలి. ట్రెడ్‌వేర్ అంకె పెద్దదయ్యే కొద్దీ టైరు ఎక్కువ కాలం వస్తుందని అర్థం. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ మీద 300, కప్ 2 మీద 180 కనిపిస్తాయి. ఈ అంకెను ఎవరి టైరుకు వాళ్లే ఇచ్చుకుంటారు. అందుకని ఒకే కంపెనీ రెండు టైర్లను పోల్చడానికే నమ్మండి, రెండు కంపెనీల మధ్య కాదు.

ఇంక ఏ టైరు? పోర్షె తన కార్ల కోసం పరీక్షించి ఒప్పుకున్న టైర్ల పక్క గోడ మీద ఎన్0, ఎన్1, ఎన్2 లాంటి గుర్తు ఉంటుంది. పిరెల్లీ పీ జీరో, మిషెలిన్ పైలట్ స్పోర్ట్ రకాల్లో ఇవి దొరుకుతాయి. ఎన్1 కంటే ఎన్0 గొప్పదని కాదు. ఆ టైరుకు మొదటి ఆమోదం ఎన్0, మార్పులు చేసి మళ్లీ ఆమోదం పొందితే ఎన్1, అంతే. మీ సైజుల్లో ఎన్ గుర్తున్న జత ముందుకూ వెనకకూ ఒకే పేరుతో, ఒకే అంకెతో దొరికితే అదే తీసుకోండి. దొరకకపోతే గుర్తు లేని పైలట్ స్పోర్ట్ 4ఎస్ మంచి ఎంపికే, కానీ నాలుగూ అవే ఉండాలి. ముందు ఎన్ గుర్తున్న పిరెల్లీ, వెనక గుర్తు లేని మిషెలిన్ వేసుకోవడం కంటే నాలుగూ గుర్తు లేని ఒకే రకం వేసుకోవడం మేలు. కారుకు పొడిగించిన వారంటీ ఉంటే మాత్రం టైర్ల గురించి అందులో షరతు ఏమైనా ఉందేమో ముందు చదవండి. రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంత దూరం నడిచేలా గోడ గట్టిగా చేసినవి) చూపిస్తే వద్దనండి. ఈ కారు సస్పెన్షన్ వాటి గట్టి గోడలకు తగ్గట్టు చేసింది కాదు.

రెండా నాలుగా అంటే, మీ విషయంలో నాలుగు. వెనకవి రెండూ పోయాయి, ముందు ఎడమది ఉబ్బింది. ఇక మిగిలింది ముందు కుడిది ఒక్కటే. ఒకే యాక్సిల్ మీద రెండు టైర్ల గాడి లోతులో 30 శాతం మించి తేడా ఉండకూడదు. పాత టైరు 2018 నాటిదే అయితే అది ఎంత నిగనిగలాడుతున్నా తీసెయ్యాల్సిందే, ఆరేళ్లు దాటిన టైరును ఈ కార్ల మీద ఉంచకూడదు. ఎండలో నిలబెట్టిన కారుకు ఈ నియమం మరీ ముఖ్యం. గాడి ఉన్నా రబ్బరు గట్టిపడి పట్టు పోతుంది, గోడ మీద సన్నని బీటలు వస్తాయి. చట్ట ప్రకారం 1.6 మి.మీ. వరకు వాడొచ్చు, గాడి అడుగున ఉండే చిన్న దిమ్మెలు చూపేది ఆ హద్దునే. ఇంత వెడల్పు టైర్లను మాత్రం 3 మి.మీ. దగ్గరే మార్చండి. ఆ కింద వాన నీళ్లలో టైరు మీ మాట వినదు.

కొనేటప్పుడు ఒక్కో టైరు మీదా డాట్ అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు చూడండి. 1425 అంటే 2025లో 14వ వారం తయారీ. ఏడాది లోపువి అడగండి, రెండేళ్లు దాటినవి వద్దనండి. రేకుల గోడౌనులో రెండు ఎండాకాలాలు గడిపిన టైరు కొత్తది కాదు. విదేశీ టైరైనా సరే ఐఎస్‌ఐ గుర్తు ఉండాలి. 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేశారు. మీలాంటి అరుదైన సైజులు షాపుల్లో సిద్ధంగా లేకపోవడానికి అదొక కారణం. కాబట్టి అనంతపురంలో స్టాకు లేదంటే ఉన్నదాంతో సర్దుకోవాలని కాదు, ఆర్డరు పెట్టి ఆగాలని అర్థం. నాలుగు టైర్ల డాట్ అంకెలూ బిల్లు మీద రాయించుకోండి. జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతమే. అదీ చూసుకోండి.

ఎక్కడ వేయించాలన్నది ఏది కొనాలన్నంత ముఖ్యం. మా సలహా, కారును ఫ్లాట్‌బెడ్ లారీ మీద బెంగళూరు పంపి అక్కడే వేయించండి. ఖర్చు అనిపిస్తుంది, కానీ ఉబ్బిన టైరుతో రెండు వందల కిలోమీటర్లు నడపడానికి వీల్లేదు, పైగా ఈ కారుకు అలైన్‌మెంటు కూడా ఒకేసారి అయిపోతుంది. షాపులో మూడు అడగండి: గడ్డపార వాడకుండా టైరు విప్పే యంత్రం ఉందా, అలైన్‌మెంటు యంత్రంలో 718 కొలతలు ఉన్నాయా, టార్క్ రెంచి ఉందా. మూడింటిలో ఏది లేకపోయినా ఇంకో షాపు చూసుకోండి.

విప్పేటప్పుడు వాల్వు లోపలివైపున్న గాలి సెన్సరు విరగడం సర్వసాధారణం, ఎక్కడుందో ముందే చెప్పండి. ఈ టైర్లలో బయటి వైపు, లోపలి వైపు వేరుగా ఉంటాయి. గోడ మీద అవుట్‌సైడ్ అని రాసి ఉన్నది బయటికే రావాలి. బ్యాలెన్సింగుకు రిమ్ము లోపల అంటించే బరువులే వాడాలి, కొట్టే రకం వాడితే రిమ్ము గీసుకుంటుంది. లాకు బోల్టు తాళం కారు పనిముట్లలో ఉంటుంది, వెతికి పట్టుకెళ్లండి. బోల్టులను ముందు చేత్తో తిప్పి ఎక్కించాలి, ఆ తర్వాత టార్క్ రెంచితో 160 న్యూటన్ మీటర్లకు బిగించాలి. గాలి గన్నుతో టరటరా బిగించి పంపిస్తే ఒక బోల్టు వదులుగా, ఒకటి పిండేసినట్టుగా ఉంటాయి, బ్రేకు డిస్కు కూడా వంకర పోవచ్చు. 50, 100 కిలోమీటర్ల తర్వాత ఒకసారి మళ్లీ చూపించండి.

అలైన్‌మెంటు చేయించకుండా కొత్త టైర్లు వేయిస్తే మీ డబ్బు మళ్లీ లోపలి అంచు నుంచే అరుగుతుంది. వెనక చక్రాలు పైభాగం లోపలికి ఒరిగేలా ఈ కారును కావాలనే చేశారు, మలుపుల్లో పట్టు కోసం. లోపలి అంచు కొంచెం ముందు అరగడం అందుకే, అది తప్పు కాదు. దారుణంగా తినేది టో. అంటే చక్రం నేరుగా చూడకుండా కొంచెం పక్కకు చూస్తూ దొర్లడం. ప్రతి కిలోమీటరూ టైరు రోడ్డు మీద పక్కకు ఈడ్చుకుంటూ పోతుంది. ఎడమ కుడి చక్రాలు మార్చుకుంటే సర్దుకుంటుందని కొందరు చెప్తారు, కానీ అవుట్‌సైడ్ బయటికే ఉండాలి గనక లోపలి అంచు ఎటు మార్చినా లోపలే ఉంటుంది. ముందువి వెనక్కి వేయడానికి సైజే వేరు. కాబట్టి వెనక టో సరిచేయడమొకటే దారి. సరిచేసినా నిలవకపోతే సస్పెన్షన్ బుష్షులు చూపించాలి. సరిచేశాక ముందు, తర్వాత కొలతల కాగితం తీసుకోండి. అన్నీ బాగున్నా వెనక టైర్లు 15–20 వేల కిలోమీటర్లకే అయిపోతే కంగారు పడకండి, ఈ రకం రబ్బరుకు అది మామూలే.

కొత్త టైరు మీద అచ్చులోంచి వచ్చిన జారుడు పొర ఉంటుంది. మొదటి 200 కిలోమీటర్లు గట్టిగా బ్రేకు, గట్టిగా మలుపు వద్దు. బెంగళూరు నుంచి అనంతపురం రావడానికి దాదాపు అంతే దూరం. ఆ ఒక్క ప్రయాణం నెమ్మదిగా వస్తే ఆ పనీ అయిపోతుంది.

గాలి తగ్గించమన్న సలహా మన ప్రాంతంలో అందరి నోటా వినిపిస్తుంది. దాన్ని గట్టిగా కాదనాలి. ఎండకు గాలి వ్యాకోచించి టైరు పగులుతుందని వాళ్ల భయం. నిజానికి పది డిగ్రీల వేడి పెరిగితే టైరులో పెరిగేది ఒకటి, ఒకటిన్నర పీఎస్‌ఐ. ఆ పెరుగుదలను లెక్కలోకి తీసుకునే కంపెనీ స్టిక్కరు మీద చల్లటి టైరు అంకె ఇస్తుంది. గాలి తక్కువైతే పక్క గోడ ప్రతి చుట్టులోనూ ఎక్కువగా మడతపడి లేస్తుంది, ఆ మడతే వేడి పుట్టిస్తుంది. ఆ వేడికి రబ్బరూ దారాలూ విడిపోతాయి. హైవే మీద టైర్లు పేలడంలో ఎక్కువ పాపం తక్కువ గాలిదే. స్టిక్కరు చూపిన అంకె, ముందుకు ఒకటి వెనకకు ఒకటి, పొద్దున్నే కారు తీయకముందు కొలిచి పెట్టండి. కనీసం మూడు గంటలు ఆగి ఉన్న కారు, ఎండ ఒక పక్కే పడని చోటు కావాలి. దారిలో బంకు దగ్గర కొలిస్తే నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీయించకండి. నైట్రోజన్ పెట్టించుకుంటే నష్టం లేదు, కానీ అది వేడికి పెరగదన్న మాట నిజం కాదు. పదిహేను రోజులకోసారి సొంత గేజీతో చూసుకోవడం దానికంటే ఎక్కువ మేలు చేస్తుంది.

తాడిపత్రి, బనగానపల్లె, బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల లారీలు తిరిగే రోడ్ల అంచుల్లో పలుకురాళ్లు కత్తుల్లా పడి ఉంటాయి. లారీ వెనకే దగ్గరగా వెళ్లకండి, మట్టి అంచు మీదికి చక్రం దించకండి. ఇంటికొచ్చాక గాడుల్లో ఇరుక్కున్న రాళ్లను మొద్దు పుల్లతో తీసేయండి, తిరిగే కొద్దీ అవి లోపలికి దిగుతాయి. పంక్చరైతే రోడ్డు పక్క స్ట్రిప్ వేయించుకుని నెమ్మదిగా ఇల్లు చేరండి, అంతవరకే. సీలెంట్ పోస్తే గంటకు 80 కి.మీ. దాటకండి. ఇంత వేగానికి చేసిన టైర్లకు రిపేరు వద్దనే పోర్షె చెప్తుంది. ఎవరైనా చేయాలనుకున్నా, బెజ్జం ట్రెడ్ మధ్యలో ఉండి, 6 మి.మీ. లోపు ఉంటేనే, టైరు విప్పి లోపల నుంచి ప్లగ్గూ ప్యాచీ కలిసినది వేయాలి. భుజం దగ్గర, పక్క గోడలో బెజ్జమైతే టైరు మార్చాల్సిందే.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా ఏడాదిలోపు ఇంకో ఉబ్బు వస్తే, తప్పు టైరుది కాదు, మీరు తిరిగే రోడ్లకు ముందు టైరుకున్న 94 మి.మీ. గోడ చాలడం లేదని అర్థం. మీ మోడల్‌కు ఫ్యాక్టరీ నుంచే 18 అంగుళాల చక్రాలు కూడా వచ్చేవి, ముందు 235/45, వెనక 265/45. మొత్తం ఎత్తు మీ ఇప్పటి టైర్లతో దాదాపు సమానం, తేడా రెండు మిల్లీమీటర్ల లోపే. కానీ పక్క గోడ ముందు 12, వెనక 13 మి.మీ. పెరుగుతుంది. పోర్షె అసలు చక్రాల జత సెకండ్‌హ్యాండ్‌లో మంచిది దొరికితే, పగుళ్లూ వంకరా లేవని బ్యాలెన్సింగ్ యంత్రం మీద తిప్పి చూసి తీసుకోండి. మీది ఎస్ మోడల్ అయ్యుంటే ఈ దారి ఉండేది కాదు, దాని చక్రాలు 19తోనే మొదలవుతాయి.